సగంలో ఆగిన బొంతలు



ఈసారి బొంతల గురించి రాస్తున్నాను. మే నెలలో మన స్త్రీల సమాజం వాళ్ళు ఒక పని తలపెట్టారు. దాని సంగతి ఫోన్లలో సగం సగం విని కొందరు నన్ను అడిగారు కాబట్టి మొత్తం చెబుతాను. ట్రంకు పెట్టె అడుగునో, అటక మీద మూటలోనో ప్రతి ఇంట్లో సగం కుట్టి వదిలేసిన బొంత ఒకటి ఉంటుంది కదా. అవన్నీ బయటికి తీసి, శనివారం మధ్యాహ్నాలు మందిరం వరండాలో కూర్చుని పూర్తి చేయాలన్నది వాళ్ళ ఆలోచన. మహా అయితే అయిదారు వస్తాయనుకున్నాం. పదిహేడు వచ్చాయి. వాటిలో ఒకటి తెచ్చినావిడకు కూడా అది ఎవరు మొదలుపెట్టారో తెలియదు. అత్తగారిదో, అత్తగారి తోడికోడలిదో అంది.

పట్నాల్లో పుట్టిన మనవళ్ళు, మనవరాళ్ళ కోసం రెండు ముక్కలు. బొంత అంటే దుకాణంలో దొరికే దూది పరుపు కాదు. కట్టి కట్టి మెత్తబడిన పాత నేత చీరలు పొరలు పొరలుగా పరిచి, చేత్తో కుట్టేది. ఆరు గజాల చీరను మూడు మడతలు వేస్తే రెండు గజాల పొడుగు, గజంపావు వెడల్పు వస్తుంది. అంటే ఒక చీరకు మూడు పొరలు. రెండు చీరలైతే ఆరు పొరలు, ఒక మనిషికి సరిపోయే బొంత. వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్ళ ఎడం పెట్టి, అంగుళానికి రెండు కుట్ల లెక్కన కుట్టుకుంటూ పోతే ఒక్క బొంతకు ముప్పై ఆరు వరసలు, అయిదు వేలకు పైగా కుట్లు. ఈ లెక్క వరండాలో నేనే కాగితం మీద వేసి చదివి వినిపించాను. ఒక పెద్దావిడ, "లెక్కేస్తే ఎవరూ కుట్టరయ్యగారూ, ఆ కాగితం అవతల పెట్టండి" అంది.

మన మెట్ట ఊళ్ళలో ఈ పనికి కాలం వేసవే. మిరప కోతలు, పత్తి తీతలు అయిపోయాక, తొలకరి పడేలోపు, పొలం పని లేని ఆ నెలన్నర. వేపచెట్టు కింద నులకమంచం మీద చీరలు పరిచి నలుగురూ నాలుగు పక్కలా కూర్చునేవాళ్ళు. జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాయంటే ఎక్కడి బొంత అక్కడ చుట్టి పెట్టెలోకి పోయేది. వచ్చే వేసవికి తీద్దామనే. ఆ వచ్చే వేసవికి ఇంట్లో పెళ్ళో, పురుడో, చావో ఏదో ఒకటి ఉండేది.

అయితే పదిహేడూ వానల వల్లే ఆగలేదు. ఒక్కొక్కరినీ అడిగితే ఒక్కో కారణం చెప్పారు. ఇద్దరికి కళ్ళలో శుక్లాలు వచ్చాయి. ముగ్గురి ఇళ్ళలో, మోటారు సైకిలు మీద రగ్గులు అమ్మేవాళ్ళు వచ్చి మెత్తటి రంగురంగుల రగ్గులు వాయిదాల మీద ఇచ్చిపోయాక, ఈ అతుకుల బొంత ఎవరు కప్పుకుంటారని పిల్లలే వద్దన్నారు. ఇంకొందరికి చీరలే లేకుండా పోయాయి. ఇప్పుడు కట్టేవన్నీ పాలిస్టరు. వాటిని పొరలుగా వేస్తే ఒకదాని మీద ఒకటి జారిపోతాయి, చెమట పీల్చవు, కుట్టినా బొంత కాదు. ఒక బొంతలో పై పొర నేత చీర, కింది పొర పాలిస్టరు. మొదలుపెట్టిన చేతికీ ఆపేసిన చేతికీ మధ్య కాలం మారిపోయిందని ఆ ఒక్కదాన్ని చూస్తే తెలిసిపోయింది.

ఇవి కాక, అడిగితే చెప్పని కారణాలు కొన్ని ఉన్నాయి. అది ఎవరి కోసం మొదలుపెట్టారో ఆ మనిషి లేరు. ఇలాంటివి పదిహేడులో ఆరని నా లెక్క.

మా అమ్మది కూడా అలాంటిదే ఒకటి. మా చిన్నప్పుడు ఆమె బొంత కుట్టే రోజుల్లో నాకొక పని ఉండేది. బడికి పోయే ముందు పన్నెండు సూదుల్లో దారం ఎక్కించి, వరసగా ఒక గుడ్డకు గుచ్చి ఆమె పక్కన పెట్టి పోవాలి. పన్నెండూ అయిపోయే వేళకు నేను తిరిగి వచ్చేవాణ్ణి. మా నాన్నకు కీళ్ళవాతం మొదలయ్యాక చలికాలానికని ఒక మందమైన బొంత మొదలుపెట్టింది, మూడు చీరలు, తొమ్మిది పొరలు. అది సగం కాకముందే నాన్న ప్రభువు పిలుపు అందుకున్నారు. ఆ తరువాత ఆమె ఇంకో నాలుగు బొంతలు కుట్టింది, మా పిల్లలకు, మా చెల్లెలి పిల్లలకు. దాన్ని మాత్రం ముట్టుకోలేదు. పారేయనూ లేదు. ప్రతి వేసవిలో తీసి, ఎండలో వేసి, వేపాకు మార్చి, మళ్ళీ చుట్టి పెట్టేది. అదేమిటని ఎవరూ అడిగేవాళ్ళం కాదు.

ఆమె పోయాక ఆ బొంత నాకు వచ్చింది. నేను కుట్టడం మొదలుపెట్టాను. మగవాడు, అందులోనూ పాస్టరు, సూది పట్టుకుని కూర్చోవడమేమిటని మా వీధిలో కొందరు నవ్వారు. పౌలు గుడారాలు కుట్టి బతికాడని వాళ్ళకు గుర్తుచేశాను. ఆయన కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి చేసిన పని అదేనని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో ఉంది. ఆ గుడ్డ మన బొంతకన్నా గట్టిదే అయి ఉంటుంది.

ఒక చలికాలమంతా పట్టింది. తొమ్మిది పొరల్లోంచి సూది లాగాలంటే వేలికి గుడ్డ చుట్టుకోవాలి. ఆ బొంత తిరగేసి చూస్తే, అమ్మ కుట్లు ఎక్కడ ఆగాయో, నావి ఎక్కడ మొదలయ్యాయో గీత గీసినట్టు కనబడుతుంది. ఆమెవి బియ్యపు గింజల్లా చిన్నవి, ఒకే కొలత. నావి జొన్న చొప్ప ముక్కల్లా పొడుగు. మా ఇంటావిడ, "విప్పేసి నేను కుడతాను, అంతా ఒకలాగా ఉంటుంది" అంది. వద్దన్నాను. ఆమె ఆగిన చోటు కనబడాలి నాకు. ఆగింది చేతకాక కాదు కదా.

ఈ శనివారాల్లోనూ అదే మాట చెప్పాను. పాత కుట్లు విప్పకండి, మీ కుట్టు వేరుగా ఉంటే ఉండనివ్వండి. అందరూ ఒప్పుకోలేదు. కుట్టు పనిలో పేరున్న ఒకావిడ తన తల్లి కుట్లు మొత్తం విప్పేసి మళ్ళీ మొదటినుంచీ కుట్టింది. అది ఆమె ఇష్టం. బొంత బాగా వచ్చింది కూడా.

పెట్టెలో ఏళ్ళ తరబడి ఉన్నదాన్ని తీసి వెంటనే సూది పెట్టకూడదు. ఇళ్ళలో ఇంకా ఇలాంటివి ఉన్నవాళ్ళ కోసం మా వరండాలో పెద్దవాళ్ళు చెప్పింది రాస్తాను. ముందు దులిపి, రెండు పక్కలా ఎండ చూపించాలి. తరువాత గుడ్డను రెండు చేతులతో పట్టుకుని కాస్త గట్టిగా లాగి చూడాలి. చిరిగితే, ఆ పొర పని అయిపోయినట్టే, దాని మీద ఎన్ని కుట్లు వేసినా నిలవవు. గుచ్చి వదిలేసిన సూది ఉంటే తుప్పు పట్టి మరక చేసి ఉంటుంది, ఆ మేరకు మాసిక వేయాల్సిందే. కుట్టని సగాన్ని ఉతకాలంటే ముందు నాలుగు పక్కలా, మధ్యలో పొడుగు పొడుగు కుట్లతో పొరలన్నీ కలిపి పట్టి ఉంచాలి, లేకపోతే నీళ్ళలో ఒక్కో పొర ఒక్కో దిక్కుకు పోతుంది. దారం నూలుదే వాడాలి. నైలాను దారం తెగదు నిజమే, కానీ పాత నేత గుడ్డ మెత్తనిది. రెంటికీ లాగుడు వచ్చినప్పుడు దారం గుడ్డను కోసేస్తుంది.

కొత్త గుడ్డ అతుకు వేసేటప్పుడు దాన్ని ముందు రెండుసార్లు ఉతికి ఆరబెట్టాలి. ఇది చెప్పినప్పుడు వరండాలో ఉన్న ఆడవాళ్ళంతా నా వైపు చూశారు. పాత వస్త్రానికి కొత్త గుడ్డ మాసిక ఎవరూ వేయరని యేసుప్రభువు చెప్పిన మాట, మార్కు సువార్త 2వ అధ్యాయంలోది, నేను ఎన్నోసార్లు ప్రసంగించినదే. కొత్త గుడ్డ తడిస్తే ముడుచుకుంటుంది, పాతది అప్పటికే ముడుచుకోవాల్సినంత ముడుచుకుని ఉంటుంది. కొత్తది లాగితే పాతది చిరుగుతుంది. బొంత కుట్టే వాళ్ళకు ఇది విడమరిచి చెప్పాల్సిన పనే లేదు. మరియమ్మ ఇంట్లోనూ మాసికలు వేసే ఉంటారు, ఆయన చూసే ఉంటాడు అంది ఒక అక్క. వాక్యంలో రాసి లేదు గానీ నేను కాదనలేదు.

పదిహేడులో అయిదింటిని పూర్తి చేయకూడదని నిర్ణయించుకున్నాం. నాలుగు చీకిపోయాయి. అయిదోది ఆ పాలిస్టరు కలిసినది. వాటిలో బాగున్న నేత ముక్కలు కోసి కొన్ని పొత్తిగుడ్డలకు, కొన్ని మసిగుడ్డలకు పంచుకున్నారు. ముప్పై ఏళ్ళ క్రితం అత్తగారు మొదలుపెట్టినదాన్ని కత్తిరించడానికి ఒకామెకు చేతులు రాలేదు. ఆమె కోడలు కత్తెర తీసుకుంది. ఆ కోడలికి నెలలు నిండుతున్నాయి, పొత్తిగుడ్డలు కావాల్సింది ఆమెకే. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు, అంతటితో అయిపోయింది.

ఇలాంటి సందర్భంలో మా పాస్టర్లకు హగ్గయి గ్రంథం తీయడం అలవాటు. ప్రభువు మందిరం పాడుగా పడి ఉంటే మీరు చక్కటి ఇళ్ళలో కూర్చున్నారా అని ప్రవక్త గద్దించిన గ్రంథం. నాకు మాత్రం ఈ బొంతల దగ్గర ఎజ్రా గ్రంథమే గుర్తొస్తోంది. బబులోను నుంచి తిరిగి వచ్చినవాళ్ళు యెరూషలేములో పునాది వేశారు. ఆ రోజున మొదటి మందిరాన్ని కళ్ళారా చూసిన ముసలివాళ్ళు గట్టిగా ఏడ్చారు, కుర్రవాళ్ళు సంతోషంతో కేకలు వేశారు, ఏది ఏడుపో ఏది సంతోషమో తెలియలేదు. తరువాత శత్రువుల వల్ల పని ఆగిపోయింది. సుమారు 16 ఏళ్ళు. దర్యావేషు ఏలుబడి రెండో ఏట, క్రీ.పూ. 520లో మళ్ళీ మొదలై, ఆరో ఏట అదారు నెల మూడో రోజున పూర్తయింది. పునాది రోజున ఏడ్చిన ముసలివాళ్ళలో ఎంతమంది ఆ రోజు దాకా ఉన్నారు? చాలామంది ఉండి ఉండరు. పదహారేళ్ళు ఆ పునాది రాళ్ళ పక్కనుంచి నీళ్ళకు, పొలానికి నడిచిపోయిన ఆడవాళ్ళ గురించి నేను తరచు ఆలోచిస్తాను. వాళ్ళకు బద్ధకమని అనగలమా?

పూర్తిచేయడం గురించి ఇంకొక సంగతి. ఈ మధ్య చదివాను. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా అడవి ఊళ్ళలో సిద్దీలని ఉన్నారు, ఎన్నడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి. వాళ్ళలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ముగ్గురూ ఉన్నారు. ఆ ఆడవాళ్ళు కుట్టే బొంతను కవంది అంటారు. అంచు దగ్గర ఒక మూల మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ పోతారు, ఆఖరి కుట్టు నడిమధ్యన పడుతుంది. ఆపైన నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డ ముక్కలు పువ్వుల్లా కుడతారు. ఆ పువ్వులు లేకపోతే బొంతకు బట్ట కట్టనట్టేనట, దిగంబరంగా ఉన్నట్టేనట. ఇది వరండాలో చెబితే మన పిల్లలకు ఎంత నచ్చిందో! పూర్తయిన మన బొంతల్లో మూడింటికి ఇప్పుడు మూలల పువ్వులున్నాయి. ఒకదానికి ఆరున్నాయి, ఎందుకో అడగకండి.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టూ నిలబడి ఏడుస్తూ ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపించారు. వాళ్ళు చూపించినవన్నీ పూర్తయినవే, ఒంటి మీద వేసుకున్నవే అయి ఉంటాయి. ఆ మేడగదిలో ఏదో ఒక మూల సగం కుట్టినది కూడా ఉండే ఉంటుందని నా ఊహ. పేతురు ప్రార్థించగా ఆమె కళ్ళు తెరిచి లేచి కూర్చుంది. ఆ తరువాత ఆమె ఏం చేసిందో లూకా రాయలేదు.

చివరిగా ఒక బొంత సంగతి. తల్లీకూతుళ్ళిద్దరినీ అడిగి, వాళ్ళు సరేనన్నాకే రాస్తున్నాను, పేర్లు వద్దన్నారు.

అది చిన్న బొంత, ఒకే చీర. పసిబిడ్డకు. కూతురికి మొదటి కాన్పని తల్లి మొదలుపెట్టింది. ఎనిమిదో నెలలో బిడ్డ పోయింది. తరువాత ఆ అమ్మాయికి కడుపు పండలేదు. పదకొండేళ్ళుగా ఆ బొంత పెట్టెలో ఉంది. మే నెలలో రెండో శనివారం తల్లి దాన్ని సంచిలో పెట్టుకుని వచ్చింది, కానీ బయటికి తీయలేదు. మూడో శనివారం తీసింది. వరండాలో మాటలు ఆగిపోయాయి. ఒకావిడ మెల్లగా, "పూర్తి చేసి ఎవరన్నా బాలింతకు ఇచ్చెయ్యి వదినా, దీవెన" అంది. ఇంకొకావిడ కుట్లు విప్పేసి చీర చీరగా పెట్టుకోమంది. ఇద్దరూ మంచికే చెప్పారు. ఆమె ఏమీ అనకుండా మడిచి సంచిలో పెట్టేసింది. నన్ను చూసి, "మీరేమంటారయ్యగారూ?" అంది. "అది నీ ఒక్కదానిదే కాదు కదమ్మా, అమ్మాయిని అడగకుండా నేనేం చెప్పను" అన్నాను.

జులైలో కూతురు పొలం కాగితాల పని మీద ఊరు వచ్చింది. శనివారం తల్లి వెంట వరండాకు వచ్చి, ఓ పక్కన కూర్చుని అందరివీ చూసింది. తరువాత తనే తల్లి సంచిలోంచి దాన్ని తీసి, ఒడిలో పరుచుకుంది. "ఇది నా వోణీ కదమ్మా" అంది అంచు పట్టుకుని. పై పొర మీద అతుకుగా వేసిన ఆకుపచ్చ ముక్క ఆమె చిన్నప్పటి వోణీదట. తల్లి ఔనంది. అంతే. ఎంత మిగిలిందో జానతో కొలిచి చూసుకుంది, మూడు జానలు. పక్కనున్న పెద్దావిడ దగ్గర దారం ఎక్కించిన సూది అడిగి తీసుకుంది.

గంటకు పైగా కుట్టింది. ఎవరూ ఆమెను పలకరించలేదు, ఆ వేళ పాట కూడా పాడలేదు. బస్సు వేళ అయిందని తల్లి చెబితే లేచి, సూది గుచ్చి మడిచి తల్లికి ఇచ్చింది. ఎవరికివ్వాలో, ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. "నువ్వు కుట్టకమ్మా. నేనొచ్చినప్పుడు కుడతాను" అంది.

ఇంకా జానన్నర ఉంది. ఇంట్లో పెట్టెలో పెట్టనని తల్లి దాన్ని మందిరం బీరువాలో ఉంచింది. ప్రతి శనివారం వచ్చి, తాళం చెవి అడిగి తీసుకుని, బొంత తీసి కాసేపు ఎండలో వేస్తుంది. కూతురు గుచ్చిన సూదిని బయటికి లాగి, తుప్పు పట్టకుండా కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, తిరిగి అదే కుట్టు దగ్గర గుచ్చి పెడుతుంది. కూతురు క్రిస్మస్‌కు వస్తానంది.